నాలుగుసార్లు మళ్ళీ అడిగారు

సోమవారం పొద్దున రోవీనా స్కాగ్స్ మొదటి ఏడాది పిల్లల కోసం రాళ్ళ పళ్ళేలు సర్దుతుంటే డిపార్ట్‌మెంట్ ఆఫీసు గుమాస్తా గ్లెనిస్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"హాఫ్‌స్టెడ్ గారు రమ్మంటున్నారు."

"ఇప్పుడేనా? తొమ్మిదికి నాకు ల్యాబుంది."

"ఇప్పుడే. తలుపేసుకుని మాట్లాడాలన్నారు." గ్లెనిస్ ఆమె చేతుల వైపు చూసింది. "కాస్త కడుక్కుని వెళ్ళమ్మా. ఎవర్నో చంపి వచ్చినట్టున్నావు."

హెమటైట్ అనే ఇనుప రాయి ముక్కలు ముట్టుకుంటే అంతే, అరచేతులు ఎర్రగా అయిపోతాయి. రోవీనా తొట్టి దగ్గర సబ్బు రుద్దుకుంది. గోళ్ళ సందుల్లో ఎరుపు పోలేదు. తడి చేతులతోనే తెల్లకోటు బొత్తాలు మరోసారి చూసుకుంది. కోటు ఆమెకు రెండు సైజులు పెద్దది. ఐదో నెల ఇంకా ఎవరి కంటా పడలేదని ఆమె నమ్మకం.

యూనివర్సిటీ భూగర్భశాస్త్ర శాఖాధిపతి హాఫ్‌స్టెడ్ మంచి మాటకారి. కుర్చీ చూపించాడు, కాఫీ కావాలా అన్నాడు, వద్దంటే సరే అన్నాడు.

"డొంకతిరుగుడు లేకుండా చెప్తాను రోవీనా. వచ్చే ఏడాదికి మనకి అసిస్టెంట్‌షిప్పులు తగ్గించారు. కొత్తగా చేరేవాళ్ళకి ఇచ్చిన మాట ఇచ్చేశాం. పాతవాళ్ళకి మిగిలింది ఒక్కటే. మీరేమో ఇద్దరున్నారు, నువ్వూ నోడారూ."

వారానికి మూడు ల్యాబులు చెప్పి, నూరు పేపర్లు దిద్దితే వచ్చే ఆ ఉద్యోగం మీదే రోవీనా ఎం.ఎస్. చదువు నడుస్తోంది. అదుంటే ఫీజు మాఫీ, నెలనెలా జీతం, ఆస్పత్రి బీమా. అది పోతే మూడూ ఒక్కసారే పోతాయి. జీతం లేకపోయినా భర్త కర్టిస్, తనూ ఎలాగో బతుకుతారు. చదువు ఒక ఏడాది ఆపుకోవచ్చు. బీమా మాత్రం ఆగస్టు పదిహేనున ఆగిపోతుంది. కాన్పు సెప్టెంబరు ఆరు అని చెప్పారు. కర్టిస్‌ది సొంత లారీ, దానికి బీమా ఉంది గానీ అతనికి లేదు. అతని సంపాదన సర్కారు సాయం అడగడానికి ఎక్కువ, సొంతంగా బీమా కొనుక్కోవడానికి తక్కువ.

"నోడార్ మాట అర్థం కావడం లేదని ఫిర్యాదొచ్చింది," అన్నాడు హాఫ్‌స్టెడ్. "ఒక కుర్రాడి తండ్రి ఏకంగా డీన్‌కే ఫోన్ చేశాడు. రేపు నువ్వు అతని ల్యాబులో వెనక కూర్చుని చూసి, ఈ పరిశీలన పత్రం నింపు. తోటి అసిస్టెంటు రాస్తే దానికో బరువుంటుంది."

"నేనా? అదే ఉద్యోగానికి నేను కూడా ఉన్నాను కదండీ."

"అందుకే నీ నిజాయితీ మీద నాకు నమ్మకం."

ఆయన నవ్వుతూ కాగితం ముందుకు జరిపాడు. కుదరదని చెప్పాలని రోవీనాకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ కాగితం అందుకున్న చేయి మాత్రం ఆమెదే.

*

నోడార్ క్విర్క్వేలియా జార్జియా దేశస్థుడు. ముప్ఫై ఆరేళ్ళవాడు, పొడగరి, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి గానీ తరగతిలోకి రాడు. అందరినీ 'మీరు' అంటాడు, పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని కూడా. మంగళవారం మధ్యాహ్నం రోవీనా వెళ్ళేసరికి బీరువా నుంచి పళ్ళేలు దించుతున్నాడు. ఆమె అలవాటుగా చేయి వేయబోయింది.

"మీరు ముట్టుకోకండి. ఇవి నావి."

మూడు వారాలుగా ఇదే మాట. అన్ని పళ్ళేలూ అతనివే. బరువు పళ్ళెం ఎక్కడున్నా ఆమెకన్నా ముందే అతని చేతిలో ఉంటోంది. ఎందుకని ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు.

"హాఫ్‌స్టెడ్ గారు నన్ను కూర్చోమన్నారు. పరిశీలనకి," అంది రోవీనా.

"నాకు చెప్పారు. మీరైతే మంచిదే. మీకు రాళ్ళు తెలుసు."

వెనక బల్ల దగ్గర ఎత్తు స్టూలు మీద కూర్చుంది. పిల్లలు వచ్చారు, ఇరవై నలుగురు. సంచులు దబదబా కింద పడేశారు. నోడార్ ఒక బూడిదరంగు రాయి ఎత్తి పట్టుకున్నాడు. తెల్లవీ నల్లవీ చారలున్న రాయి.

"ఇది గ్నైస్."

"ఏంటీ?" అన్నాడు ముందు వరుసలో టోపీ కుర్రాడు.

"గ్నైస్."

ఇంగ్లీషులో ఆ పేరులో మొదటి అక్షరం 'జి' పలకరు, 'నైస్' అంటారు. నోడార్ ప్రతిసారీ దాన్ని పలుకుతాడు, ఉన్న అక్షరాన్ని వదిలేస్తే పాపమన్నట్టు. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. రోవీనా కాగితం మీద చిన్న గీత గీసింది.

తనకీ ఇదే జరిగింది, మొదటి సెమిస్టర్‌లో. అమెరికాలోనే తూర్పు కెంటకీ కొండల్లో పుట్టిన నోరు ఆమెది. అగ్నిశిలల గురించి చెబుతూ 'ఫైర్' అనబోయి తమ ఊళ్ళో అన్నట్టు 'ఫార్' అంది. తరగతంతా భళ్ళున నవ్వింది. వారం పాటు ఎవరో ఒకరు వెనక నుంచి "ఫార్, ఫార్" అంటూనే ఉన్నారు. ఆమె అద్దం ముందు నిలబడి ఆ ఒక్క మాట వంద సార్లు పలికి నేర్చుకుంది.

నోడార్ నవ్విన వాళ్ళ వైపు కోపంగా చూడలేదు. బోర్డు మీద ఆ పేరు రాశాడు, మొదటి అక్షరం కింద గీత గీశాడు. "మీరు దీన్ని మింగేస్తారు. నేను మింగలేను. మా దేశంలో అక్షరాలు కొనుక్కుని తెచ్చుకుంటాం, పారేయం." ఈసారి అందరూ నవ్వారు, టోపీ కుర్రాడితో సహా.

తర్వాత గంటన్నర సేపు అతను బల్లల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఒకచోట మోకాళ్ళ మీద కూర్చుని, ఒక పిల్ల చేతిలోని రాయిని కిటికీ వెలుతురుకు తిప్పించాడు. "చూడండి. ఎక్కడ తిప్పితే మెరిసింది? అక్కడ ఆపండి. ఇప్పుడు ఇంకో వైపు. మళ్ళీ మెరిసిందా? రెండు మెరుపుల మధ్య కోణం ఎంత?" ఆ పిల్ల పేరు రోవీనాకు తెలుసు, కిందటి సెమిస్టర్‌లో తన సెక్షన్‌లోనే ఉండేది. నాలుగు నెలల్లో నోరు విప్పలేదు. ఇప్పుడు మెల్లగా "తొంభై," అంది. "అయితే ఇది ఫెల్డ్‌స్పారా?"

"నన్ను అడుగుతున్నారా, చెబుతున్నారా?"

"చెబుతున్నాను," అంది ఆ పిల్ల.

గంట కొట్టాక కూడా ఆరుగురు ఆగిపోయారు, సున్నపురాయి మీద ఆమ్లం చుక్కలు వేసి బుస్సుమని పొంగడం చూస్తూ. రోవీనా కాగితం మీద నాలుగు గీతలున్నాయి.

*

పత్రం బుధవారం పొద్దున సిబ్బంది గదిలో నింపింది. ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. 'విషయ పరిజ్ఞానం' దగ్గర ఐదు వేసింది. 'సిద్ధమై రావడం' దగ్గర ఐదు. 'వివరణలో స్పష్టత' దగ్గర పెన్ను ఆగింది.

కడుపులో ఏదో కదిలింది. కిందటి వారం నుంచి తెలుస్తోంది, చేప తోక ఆడించినట్టు.

రెండు వేసింది.

అడుగున 'మీ అభిప్రాయం' అని నాలుగు గీతల జాగా. అక్కడ ఇలా రాసింది: 'గంటా యాభై నిమిషాల తరగతిలో విద్యార్థులు నాలుగుసార్లు మళ్ళీ చెప్పమని అడిగారు. కొన్ని పేర్ల ఉచ్చారణ విద్యార్థులకు అర్థమైనట్టు లేదు.' చదువుకుంది. ఒక్క అబద్ధం లేదు. ఎవరైనా ప్రమాణం చేయమంటే బైబిలు మీద చేయి వేసి చేయగలదు. పేరు రాసి, సంతకం పెట్టి, గ్లెనిస్ బల్ల మీద తట్టలో పడేసి, నిలబడకుండా వచ్చేసింది. ఆ మధ్యాహ్నం తెచ్చుకున్న చీజ్ శాండ్‌విచ్ రెండుసార్లు కొరికి కాగితంలో చుట్టి పక్కన పెట్టేసింది.

గురువారం ఆమె పెట్టెలో ఉత్తరముంది. 'వచ్చే విద్యా సంవత్సరానికి మీ నియామకాన్ని కొనసాగిస్తున్నందుకు సంతోషిస్తున్నాము. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు సంతకం చేసి అందజేయగలరు.' మెట్ల కింద నిలబడి మూడుసార్లు చదివింది. కర్టిస్‌కి ఫోన్ చేసింది. అతను ఎక్కడో లారీ ఆపుకుని "హమ్మయ్య" అన్నాడు, కాసేపాగి మళ్ళీ "హమ్మయ్య" అన్నాడు. ఆమె ఏడ్చింది. అందులో ఎంత సంతోషమో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం ల్యాబు పక్క గదిలో నోడార్ గీత పలకలు తోముతున్నాడు. రాయిని రుద్ది రంగు చూసే తెల్ల పింగాణి ముక్కలవి. వాటి మీది గీతలు గరుకు పొడితో తోమితే గానీ పోవు. తోమినవి గుడ్డ మీద వరసగా ఆరబెడుతున్నాడు.

"మీకు ఉత్తరం వచ్చిందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"వచ్చింది."

"నాకూ వచ్చింది. వేరే ఉత్తరం." ఇంకో పలక తీశాడు. "అభినందనలు. నేను నిజంగానే అంటున్నాను."

"నువ్వేం చేస్తావు ఇప్పుడు?"

"వీసా చదువుకి ఇచ్చారు. ఫీజు కట్టకపోతే చదువు లేదు, చదువు లేకపోతే వీసా లేదు. అరవై రోజుల్లో వెళ్ళాలి. థీసిస్ మూడొంతులు అయింది. మూడొంతుల థీసిస్‌కి ఏ దేశంలోనూ డిగ్రీ ఇవ్వరు, నేను విచారించాను." నవ్వాడు. చేతులు మాత్రం ఆగలేదు. "తోటివాళ్ళ పరిశీలనలో కూడా స్పష్టత లేదని తేలింది అని రాశారు. తోటివాళ్ళు ఎవరో రాయలేదు."

అది ఎవరో అతనికి తెలుసు. వెనక స్టూలు మీద కూర్చున్నది ఆమె ఒక్కతే. అతను ఆమెను అడగకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో ఆ పలక తోమే తీరులోనే కనిపించింది. గీత ఎప్పుడో పోయింది, అతను ఇంకా తోముతూనే ఉన్నాడు.

రోవీనా "రేపు కలుద్దాం" అని బయటపడింది.

*

శుక్రవారం పదకొండింటికి ఆమె హాఫ్‌స్టెడ్ గది తలుపు తట్టింది. సంతకం లేని ఉత్తరం చేతిలో ఉంది.

"నేను రాసిన పత్రం వెనక్కి కావాలండీ."

"ఎందుకు? అబద్ధం రాశావా?"

"లేదు."

"మరి?"

"సగమే రాశాను."

"పత్రంలో జాగా అంతే ఉంటుంది రోవీనా." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం లేదు, కాస్త విసుగు అంతే. "ఫైల్లోకి వెళ్ళిన కాగితం బయటికి రాదు. నీకు ఉద్యోగం వచ్చింది. సంతకం పెట్టి ఇంటికెళ్ళు, వాతావరణం బాగుంది."

బయటికి వచ్చి గ్లెనిస్ బల్ల ముందున్న కుర్చీలో కూలబడింది. గ్లెనిస్ టైపు ఆపింది. మూసిన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"నువ్వు రాసిందాని వల్లే అతనికి పోయిందనుకుంటున్నావా?"

"కాదా?"

"నీ చేతిలో ఉన్న ఉత్తరం నేను సోమవారం ఎనిమిదింటికి టైపు చేశాను. నిన్ను పిలుచుకురమ్మనడానికి ముందు. అతనిదీ అప్పుడే చేశాను. పరిశీలన వాక్యంతో సహా."

రోవీనాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని ఉత్తరం వైపు చూసింది.

"మరి నన్నెందుకు కూర్చోబెట్టాడు?"

"రేపు ఎవరైనా అడిగితే, నేను కాదు, తోటివాళ్ళే అన్నారు అని చూపించడానికి ఒక కాగితం కావాలి కదా. డీన్‌కి ఆ తండ్రి చేసిన ఫోన్ ఒక్కటీ సరిపోదు." గ్లెనిస్ సొరుగు లాగింది. ఇరవై ఏడేళ్ళుగా ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి, ఐదుగురు శాఖాధిపతుల్ని చూసింది. "ఫైల్లోంచి కాగితం బయటికి రాదు, ఆయనన్నది నిజమే. ఇంకోటి లోపలికి వెళ్ళకూడదని మాత్రం ఏ రూల్లోనూ లేదు."

ఖాళీ పత్రం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

రోవీనా నిలబడే రాసింది. నాలుగు గీతల జాగా చాలక వెనక పేజీకి తిప్పింది. మళ్ళీ చెప్పమని నాలుగుసార్లు అడిగారని రాసింది, అడిగిన ప్రతిసారీ ఏం జరిగిందో కూడా రాసింది. నోరు విప్పని పిల్ల కోణం చెప్పిన సంగతి రాసింది. గంట కొట్టాక ఆగిన ఆరుగురి సంగతి రాసింది. 'బుధవారం నేనిచ్చిన పత్రం, ఈ ఉద్యోగం నాకు కావాలి కనుక ఇవన్నీ వదిలేసి రాసింది' అని రాసేటప్పుడు పెన్ను కాగితాన్ని చీల్చేంత గట్టిగా నొక్కుకుంది. స్పష్టత దగ్గర ఐదు వేసింది.

గ్లెనిస్ తేదీ ముద్ర కొట్టింది. ఒక నకలు తీసి ఆమె చేతికిచ్చింది. గోడ గడియారంలో పన్నెండుకు ఎనిమిది నిమిషాలున్నాయి.

"ఉత్తరం సంగతి?"

రోవీనా ఆ ఉత్తరాన్ని అదే బల్ల మీద పరిచి, అదే పెన్నుతో సంతకం పెట్టింది.

"రెండూనా?" అంది గ్లెనిస్.

"రెండూ."

గ్లెనిస్ ఆమె ముఖం వైపు చూసింది, తర్వాత కోటు వైపు. దాని మీద కూడా ముద్ర కొట్టింది.

*

నకలు ఆమె స్వయంగా తీసుకెళ్ళి నోడార్‌కి ఇచ్చింది. భవనం వెనక మెట్ల మీద కూర్చుని, అల్యూమినియం రేకులోంచి బీన్స్ పెట్టిన రొట్టె తింటున్నాడు. వేళ్ళు ప్యాంటుకు తుడుచుకుని రెండు వైపులా చదివాడు. చాలాసేపు పట్టింది.

"మొదటిది కూడా మీరే."

"నేనే. నీకు తెలుసు."

"తెలుసు. మీ నోటితో వినాలనుకున్నాను." కాగితం మడిచాడు. "ఇందులో ఒక తప్పుంది. నాలుగు కాదు. ఐదుసార్లు అడిగారు. నేను లెక్కపెట్టుకుంటాను."

రోవీనాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. "ఆ కాగితం తీసుకుని గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫీసుకి వెళ్ళు. అక్కడ అప్పీలు చేసుకోవచ్చు. గ్లెనిస్ చెప్పింది."

"చేస్తే మీది పోవచ్చు."

"పోవచ్చు."

"మీకు సెప్టెంబరా, ఆగస్టా?"

మూడు వారాలుగా అతను మోసిన పళ్ళేలన్నీ ఒక్కసారి ఆమె కళ్ళ ముందు తిరిగాయి.

"మా అక్కకి ముగ్గురు," అన్నాడు నోడార్. "నడక చూస్తే తెలుస్తుంది."

"సెప్టెంబరు."

అతను తల పంకించాడు. మిగిలిన రొట్టె రేకులో చుట్టాడు. అప్పీలు చేస్తాననీ అనలేదు, చేయననీ అనలేదు. శని, ఆదివారాలు రోవీనా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంది. అతను వెళ్ళకపోతే బాగుండునని అనుకున్న ప్రతిసారీ లేచి ఏదో ఒకటి కడిగింది. కర్టిస్ "సంతకం పెట్టేశావుగా, ఇంకేంటి బెంగ?" అన్నాడు. ఆమె చెప్పలేదు.

నోడార్ సోమవారం పొద్దున్నే అప్పీలు చేశాడు. సెమిస్టర్ ముగుస్తోందని బుధవారానికల్లా తేల్చేశారు. ఒకే మనిషి రాసిన రెండు పత్రాలు ఒకదానికొకటి పొసగవు కనుక రెండూ చెల్లవు. ఫోన్‌లో వచ్చిన ఫిర్యాదు రాతలో లేదు కనుక అదీ చెల్లదు. ఇక మిగిలింది సీనియారిటీ. నోడార్ ఆమెకన్నా ఒక సెమిస్టర్ ముందు చేరాడు. రోవీనా నియామకం రద్దు. హాఫ్‌స్టెడ్‌ని ఎవరూ ఏమీ అనలేదు. ఆయన వరండాలో ఎదురైనప్పుడు ఎప్పటిలాగే పలకరించాడు కూడా.

నోడార్ ఆ మధ్యాహ్నం ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె పేపర్లు దిద్దుతోంది.

"నాకొచ్చిన కొత్త ఉత్తరం మీద సంతకం పెట్టాను," అన్నాడు. చూపు దించలేదు. "పెట్టకుండా ఉండాలని పొద్దుట్నుంచీ అనుకున్నాను. పెట్టాను."

ఇతను వదిలేస్తాడని ఏ మూలనో తను ఆశ పెట్టుకుందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఎర్ర పెన్ను బల్ల మీద పెట్టింది.

"పన్నెండుకి ఎనిమిది నిమిషాలుండగా నేనూ పెట్టాను," అంది. "వదిలేయ్ నోడార్."

"ఆగస్టు తర్వాత ఎలా?"

"తెలీదు. మా ఊరి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో నమూనాలు పరీక్షించే ఉద్యోగముంది. బీమా మూడు నెలలు పని చేశాక ఇస్తారట. జూన్ మొదట్లో చేరితే సెప్టెంబరు మొదట్లో మొదలవుతుంది." వేళ్ళు మడిచి చూపించింది. "బిడ్డ కాస్త బద్ధకంగా వస్తే సరిపోతుంది. తొందరపడి వస్తే తెలీదు."

అతను ఎదుటి కుర్చీ లాక్కుని, దిద్దని పేపర్లలో సగం తన ముందుకు జరుపుకున్నాడు. ఇద్దరూ నాలుగింటి దాకా దిద్దారు.

*

గురువారం ఆమె చివరి ల్యాబు. పిల్లలు ఎప్పటిలాగే సంచులు పడేసి కూర్చున్నారు. ఆమెకు ఉద్యోగం పోయిన సంగతి వాళ్ళకు తెలియదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. మెలనీ అనే పిల్ల ముందుకొచ్చింది. నర్సింగ్ చదవాలని వచ్చి, ఈ సెమిస్టర్‌లో రాళ్ళ మీద మనసు పడిన పిల్ల.

"మిస్ స్కాగ్స్, సెప్టెంబరులో రెండో కోర్సు తీసుకుంటున్నాను. మీ సెక్షన్ ఏ రోజు? రిజిస్ట్రేషన్‌లో మీ పేరు కనిపించడం లేదు."

"నేను ఉండను మెలనీ."

"అయ్యో. మరి ఎవరి దాంట్లో చేరను? అందరూ ఆ పొడుగాయన దగ్గరికి వెళ్ళొద్దంటున్నారు. ఆయన మాట్లాడేది అర్థం కాదట."

రోవీనా చేతిలోని సుద్దముక్కను అటూ ఇటూ తిప్పింది. తరగతిలో సగం మంది వింటున్నారు.

"మొదట్లో అర్థం కాదు," అంది. "మళ్ళీ అడుగు. ఎన్నిసార్లడిగినా చెప్తాడు. విసుక్కోడు. నాకు విసుగొస్తుంది, నీకు తెలుసుగా. ఆయనకి రాదు. ఆయన దగ్గరే చేరు."

"పేరు ఎలా రాస్తారు? వెతకాలంటే."

మెలనీ ఫోన్ తీసి పట్టుకుంది. రోవీనా ఒక్కో అక్షరం చెప్పడం మొదలుపెట్టింది. మూడో అక్షరం దగ్గరే ఆ పిల్ల తడబడింది.

"మళ్ళీ చెప్పరా?"

రోవీనా బోర్డు వైపు తిరిగి, పైనున్నదంతా తుడిచేసింది. క్విర్క్వేలియా అని పెద్ద పెద్ద అక్షరాలతో, చివరి వరుసకు కూడా కనిపించేలా రాసింది. కింద సెక్షన్ నంబరు వేసింది. వెనక్కి తిరిగి చూస్తే మెలనీయే కాదు, ఇంకో నలుగురైదుగురు కూడా రాసుకుంటున్నారు.

వాళ్ళు రాసుకునేదాకా ఆగి, ఆమె మొదటి పళ్ళెం మూత తీసింది.